గీత పడని వాగు

మా శబరి ఒడ్డు ఊళ్ళలో బడి మొహం చూడని ముసలమ్మకి కూడా నోటికొచ్చిన అంకెలు రెండున్నాయి. ఒకటి 41.15. రెండోది 45.72. మొదటిది పోలవరం ప్రాజెక్టు తొలి దశకు పెట్టుకున్న నీటిమట్టం, మీటర్లలో. రెండోది జలాశయం పూర్తిగా నిండినప్పుడు ఉండే మట్టం. అడుగుల్లో చెప్పుకుంటే 135, 150. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వైపు ఏ టీకొట్టు దగ్గర కూర్చున్నా ఈ అంకెలు చెవిన పడతాయి. "మీ ఇల్లు నలభై ఒకటిలో ఉందా, నలభై అయిదులో ఉందా?" అని పెళ్ళి మాటల్లో అడగడం కూడా నేను విన్నాను.

ఇంతగా మాట్లాడుకుంటాం గానీ, ఆ కాంటూరు గీత ఎలా పుడుతుందో మనలో చాలామందికి తెలియదు. నేల మీద వెతికితే అది కనబడదు. రాళ్ళు పాతి ఉంటే రాళ్ళు కనబడతాయి, గీత కనబడదు. అది కాగితం మీద, కంప్యూటరు తెర మీద మాత్రమే ఉంటుంది. అయినా ఇల్లు లోపలా బయటా, ప్యాకేజీ వస్తుందా రాదా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. మన బతుకును తేల్చే గీత ఎలా తయారవుతుందో మనకు తెలిసి ఉండాలని నా ఆలోచన. అందుకే ఈ వ్యాసం.

అలాంటి గీతలు గీయడమే నా ఉద్యోగం. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ళు చదివి, ఒక సర్వే ఆఫీసులో క్యాడ్ మీద పని చేస్తున్నాను. పోలవరం గీతలు నేను గీయలేదు. నా దగ్గరికొచ్చేవి రోడ్లు, చెరువులు, మంచినీళ్ళ పైపులైన్లు. పని పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే. నేలను కొన్ని చుక్కలుగా కొలుస్తారు. ఆ చుక్కలను కంప్యూటరులో కలిపి నేల బొమ్మ చేస్తారు. ఆ బొమ్మ మీద గీతలు గీస్తారు.

ముందు చుక్కల సంగతి. పొలంలో ముక్కాలి పీట మీద టోటల్ స్టేషన్ పెట్టి ఒకరు నిలబడతారు. ఇంకొకరు ప్రిజం కట్టిన కర్ర పట్టుకుని గుట్టా పల్లం తిరుగుతారు. యంత్రం నుంచి వెళ్ళిన వెలుగు ప్రిజానికి తగిలి తిరిగొస్తుంది. దూరం, కోణం తెలుస్తాయి. వాటితో ఆ కర్ర మొన ఆనిన చోటు ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో లెక్క కడుతుంది. ఈమధ్య ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకునే రోవర్లు వచ్చాయి. వాటితో ఒక్క మనిషే కర్ర పట్టుకుని తిరిగినా సరిపోతుంది.

సాయంత్రానికి నాకు ఒక ఫైలు వస్తుంది. దాన్ని తెరిస్తే వరస వరసగా అంకెలు. ప్రతి వరసలో అయిదు గడులు: చుక్క నంబరు, నార్తింగ్, ఈస్టింగ్, ఎత్తు, చివర వివరం. మా వైపు నార్తింగ్ 19 లక్షల 60 వేల దాపున ఉంటుంది. అంటే భూమధ్య రేఖ నుంచి ఉత్తరానికి అన్ని మీటర్లు, దాదాపు 1,960 కిలోమీటర్లు అన్నమాట. మాస్టార్లు ఇది పిల్లలకు చెప్పి చూడండి. మన ఊరి రావిచెట్టు భూమధ్య రేఖకు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చెప్పొచ్చంటే వాళ్ళు భూగోళం పాఠాన్ని ఇంకో కంటితో చూస్తారు.

ఎత్తు గడిలో ఒక చిక్కు ఉంది. ఎత్తు అంటే దేని నుంచి ఎత్తు? మనం మామూలుగా సముద్రమట్టం నుంచి అంటాం. ఉపగ్రహాల పద్ధతి మాత్రం భూమిని నున్నటి కోడిగుడ్డు లాంటి ఒక ఆకారంగా ఊహించుకుని, దాని మీద నుంచి కొలుస్తుంది. దక్షిణ భారతంలో ఆ ఊహ ఆకారానికీ, అసలు సముద్రమట్టానికీ పదుల మీటర్ల తేడా ఉంటుంది. శబరి ఒడ్డున రోవర్ పెట్టి, దిద్దుబాటు లేకుండా చూస్తే ఎత్తు మైనస్‌లో కనబడుతుంది. సముద్రం కంటే లోతున ఉన్నామా అని కొత్తవాళ్ళు బెదిరిపోతారు. అందుకే సముద్రమట్టం నుంచి ఎత్తు తెలిసిన బెంచ్ మార్క్ రాయి దగ్గర మొదలుపెట్టి సరిచేసుకోవాలి. ఎవరైనా మీ ఊరి ఎత్తు ఇంత అని చెబితే మొదట అడగాల్సిన ప్రశ్న, "ఏ బెంచ్ మార్క్ నుంచి తీశారు?"

ఇక చుక్కలను కలపడం. నేను వాడేది సివిల్ త్రీడీ. చుక్కల ఫైలు అందులోకి తెచ్చి 'సర్ఫేస్' తయారు చెయ్యమంటే, అది మూడేసి చుక్కలను కలుపుతూ త్రిభుజాలు అల్లుతుంది. వేల త్రిభుజాలు ఒకదానికొకటి అంచులు కలిపి, వెదురు తడికలాగా నేల మీద పరుచుకుంటాయి. ఏ మూడు చుక్కలను కలపాలన్నదానికి ఒక సూత్రం ఉంది. మూడు చుక్కల మీదుగా పోయే వృత్తం లోపల నాలుగో చుక్క ఉండకూడదు. పదో తరగతి పిల్లలకు తెలిసిన పరివృత్తమే. బోరిస్ డెలానే అనే రష్యా గణిత శాస్త్రవేత్త 1934లో దీని మీద రాశాడు. అందుకే ఆ అల్లికకు ఆయన పేరే ఉంది.

ప్రతి త్రిభుజమూ చదునైన పలక. పలక మీద కాంటూరు గీయడం తేలిక లెక్క. ఒక చుక్క ఎత్తు 40.40, ఇరవై మీటర్ల అవతల ఇంకో చుక్క ఎత్తు 42.00 అనుకోండి. మధ్యలో నేల ఒకే వాలుగా ఎక్కుతుందని కంప్యూటరు అనుకుంటుంది. 1.60 మీటర్ల తేడాలో 0.75 ఎక్కితే 41.15 వస్తుంది. అంటే మొదటి చుక్క నుంచి 9.4 మీటర్ల దగ్గర గీత పడుతుంది. త్రైరాశికం వచ్చినవాళ్ళు ఎవరైనా చెయ్యగల లెక్క ఇది.

అయితే ఆ రెండు చుక్కల మధ్య నిజంగా నేల ఒకే వాలుగా ఉందా? మధ్యలో ఒక గట్టు ఉందేమో. ఒక బోదె ఉందేమో. కొలవలేదు కాబట్టి కంప్యూటరుకు తెలియదు. తెలియదని ఖాళీ వదిలెయ్యదు. కొలిచిన చోట ఎంత నున్నగా గీస్తుందో కొలవని చోట కూడా అంతే నున్నగా గీస్తుంది. ఈ పనిలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది నాకు ఇదే అనిపిస్తుంది. తెర మీద రంగురంగుల గుట్టలు తిరుగుతుంటే, ఎక్కడ మనిషి కర్ర పెట్టాడో ఎక్కడ కంప్యూటరు ఊహించుకుందో చూసేవాళ్ళకు తేడా తెలియదు.

మూడేళ్ళ కిందట ఒక పని వచ్చింది. తారు రోడ్డు నుంచి ఒక కోయగూడేనికి మూడు కిలోమీటర్ల రోడ్డు వెయ్యాలి. మధ్యలో ఒక వాగు. వానాకాలం వస్తే ఆ గూడెం మనుషులు నాలుగు నెలలు వాగు తగ్గుదలా పెరుగుదలా చూసుకునే బతుకుతారు. నొప్పులు మొదలైన ఆడమనిషిని డోలీ కట్టి మోసుకొచ్చి, వాగు ఒడ్డున దింపి, నీళ్ళు తగ్గేదాకా కూర్చున్న రోజులు అక్కడివాళ్ళకు ఉన్నాయి. కాబట్టి రోడ్డు కంటే ముందు వాగు మీద కట్టే కల్వర్టు ముఖ్యం.

ఇరవై మీటర్లకు ఒక చుక్క చొప్పున గళ్ళుగా కొలవమని ఒప్పందంలో ఉంది. ఫీల్డు వాళ్ళు అలాగే కొలిచారు. ఫైలు వచ్చింది. సర్ఫేస్ చేశాను. తిప్పి చూస్తే వాగు ఉండాల్సిన చోట వాగు లేదు. ఒక గుంట, తర్వాత ఒక కట్ట, మళ్ళీ గుంట, మళ్ళీ కట్ట. వాగు వెడల్పు అయిదారు మీటర్లే. గళ్ళలో ఏదో ఒక చుక్క వాగు అడుగున పడితే అక్కడ గుంట వచ్చింది. చుక్కలు రెండు ఒడ్ల మీదా పడ్డ చోట, ఒడ్డూ ఒడ్డూ కలుపుతూ త్రిభుజం వచ్చి వాగుకు అడ్డంగా కట్ట పోసినట్టయింది. నీళ్ళు పారే దారి వరసగా మడుగులై నిలిచిపోయింది.

ప్రిజం పట్టిన కుర్రాడు ఆ గూడెం వాడే, రోజు కూలికి వచ్చాడు. ఫోన్ చేశాను.

"తమ్ముడూ, 130వ చుక్క దగ్గర వాగు ఉండాలి కదా?"

"ఉంది కదక్కా. మొన్న అక్కడే చేపలు పట్టాం."

"ఇక్కడ తెర మీద కట్ట కనబడుతోంది."

"కట్టా? మా వాగుకి కట్ట ఎవరు వేశారక్కా?" అని నవ్వాడు. తర్వాత కాసేపు ఆగి, "గళ్ళ లెక్కన ఎక్కడ పడితే అక్కడ కర్ర పెట్టమన్నారు. వాగులో దిగమని చెప్పలేదు" అన్నాడు.

దీనికి సాఫ్ట్‌వేరులో మందు ఉంది. దాన్ని బ్రేక్‌లైన్ అంటారు. నేల ఒక్కసారిగా మలిగే చోటల్లా, అంటే వాగు ఒడ్డు అంచు, వాగు అడుగు, చెరువు కట్ట పైతలం, రోడ్డు అంచు, పొలం గట్టు, వీటి వెంబడి వరసగా చుక్కలు తీసి వాటిని ఒక గీతతో కలపాలి. ఆ గీతను దాటి ఏ త్రిభుజమూ పోకూడదని కంప్యూటరుకు చెప్పడమే బ్రేక్‌లైన్. అది ఇచ్చాక త్రిభుజాలు ఒడ్డు దగ్గర ఆగి, అడుగుదాకా దిగి, అవతలి ఒడ్డు ఎక్కుతాయి. వాగు మళ్ళీ వాగు అవుతుంది. అయితే చుక్కలు లేకుండా బ్రేక్‌లైన్ గీయలేం. తెర ముందు కూర్చుని వాగు ఇలా ఉంటుందేమోనని గీస్తే అది మన ఊహ అవుతుంది. ఫీల్డు వాళ్ళు మళ్ళీ వెళ్ళాల్సిందే.

ఈసారి నేను కూడా వెళ్ళాను. ఆ కుర్రాడి తాత మాతో వచ్చాడు. వాగు వెంబడి ఒడ్డు పైఅంచు, అడుగు, అవతలి అంచు కొలుచుకుంటూ పోతున్నాం. ఒక అరవై మీటర్లు పక్కకు పొలం మధ్యలో చిన్న పల్లం ఉంది. ఎండాకాలం. ఎండిన గడ్డి తప్ప ఏమీ లేదు. తాత అక్కడ ఆగి కర్రతో నేల మీద పొడిచి, "ఇది కూడా వాగే. పెద్దవాన వస్తే ఇటు కూడా దిగుతుంది. నా చిన్నప్పుడు అసలు వాగు ఇదే" అన్నాడు. ఒక నల్లమద్ది చెట్టు చూపించి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మొదలు మీద చెయ్యి పెట్టాడు. అక్కడ కొమ్మల సందున ఎప్పటిదో వరద తెచ్చిన చెత్త ఎండిపోయి ఉంది. కుర్రాడు ప్రిజం కర్రను ఆ ఎత్తుకు పట్టుకున్నాడు. ఒక చుక్క తీశాం. వివరం గడిలో నేను 'తాత చూపిన నీటి గుర్తు' అని రాసుకున్నాను. ఇంజినీర్ల భాషలో దాన్ని హెచ్.ఎఫ్.ఎల్. అంటారు, గరిష్ఠ వరద మట్టం. పక్కన అది కూడా రాశాను.

ఆఫీసుకొచ్చి ఆ చుక్కలతో సర్ఫేస్ మళ్ళీ అల్లితే పాత వాగు తెర మీద తేలింది. మొదటి బొమ్మలో రోడ్డు దాని మీదుగా నేల మట్టానికే పోయేది. కొత్త డ్రాయింగులో అక్కడ కూడా తూములు పడ్డాయి. రోడ్డు మట్టం పెరిగింది. పని ఇంకా మొదలవలేదు. ఎప్పుడు మొదలుపెట్టినా, కాగితం మీద ఆ వాగు ఉంది. కాగితం మీద లేని వాగుకు కల్వర్టు కోసం డబ్బు రాదు కాబట్టి, అది చిన్న విషయం కాదు.

ఆ తాతకు కాంటూరు అనే మాట తెలియదు. కానీ బ్రేక్‌లైన్ ఎక్కడుందో ఆయనకు తెలిసినంతగా నాకు తెలియదు. మా కోయ మాటలో ఏరు అంటే నీళ్ళు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. ఆ రెండు అర్థాలూ ఒకే మాటలో ఉన్నట్టు, మనవాళ్ళకు నీళ్ళూ నీళ్ళు పోయే దారీ వేరువేరుగా తోచవు. ఎండిన పల్లాన్ని చూసినా నీళ్ళు గుర్తొస్తాయి.

ఇప్పుడు మొదట చెప్పిన 41.15 దగ్గరికి వద్దాం. గుట్ట వాలులో ఎత్తు అర మీటరు అటూ ఇటూ అయినా గీత పెద్దగా జరగదు. చదును నేలలో అలా కాదు. నూరు మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే పొలంలో ఎత్తులో అర మీటరు తేడా వస్తే గీత యాభై మీటర్లు జరుగుతుంది. నూరు మీటర్లకు అర మీటరే దిగే చోట నూరు మీటర్లు జరుగుతుంది. నూరు మీటర్లంటే మన గూడెంలో ఒక వాడ. అందుకని మన ఊరు గీత దగ్గరలో ఉంటే, ఆ గీతను ఎంత దగ్గర దగ్గర చుక్కలతో తీశారు, ఎత్తు ఎంత ఖచ్చితంగా తీశారు అని అడగడం మొండితనం కాదు. లెక్క తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్న. ఆ చుక్కల మ్యాపు చూపించమని గ్రామసభలో అడగొచ్చు.

ఇంకో సంగతి. కాంటూరు అంటే ఒకే ఎత్తున పోయే గీత. నిలిచిన నీటి అంచు అలాగే ఉంటుంది. పారే వరద అలా ఉండదు. వరదలో నది పైనుంచి కిందకు వాలుగా ఉంటుంది. దిగువన ఒక మట్టంలో ఉన్నప్పుడు ఎగువన అంతకంటే ఎత్తులో ఉంటుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. గోదావరి అలా పోటెత్తినప్పుడు కూనవరం దగ్గర కలిసే శబరి ముందుకు పోలేక ఎగదన్నుతుంది. "గీత పైనున్నాం కదా, నీళ్ళెలా వచ్చాయి?" అని అడిగేవాళ్ళకు జవాబులో ఒక భాగం ఇక్కడుంది. నేల ఎత్తును బట్టి గీసిన గీత వేరు, వరద ఎక్కడిదాకా వస్తుందన్న గీత వేరు. రెండోదానికి నేల బొమ్మతో పాటు నది ఎంత నీటిని ఎంత వేగంతో తెస్తుందో కూడా లెక్క కట్టాలి. ఏ గీత గురించి మాట్లాడుతున్నామో మనకు తేడా తెలియాలి.

"ఇప్పుడు ఉపగ్రహాలే అన్నీ చూస్తున్నాయి కదా, కర్ర పట్టుకుని తిరగడమెందుకు?" అని చదువుకున్న తమ్ముళ్ళు అడుగుతుంటారు. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఒకటి రాడారుతో ప్రపంచంలో చాలా భాగం ఎత్తులు కొలిచింది. ఆ డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. కానీ అందులో ముప్పై మీటర్లకు ఒక్క ఎత్తు ఉంటుంది. మన వాగు అందులో ఇమడదు. పైగా దట్టమైన అడవి ఉన్న చోట రాడారు నేలదాకా దిగదు. ఆకుల మధ్యనే తగిలి తిరిగిపోతుంది. చెట్ల గుబురును నేలగా లెక్కేస్తుంది. అడవి అంచు దగ్గర నేల ఉన్నట్టుండి పది మీటర్లు లేచినట్టు కనబడితే, అది గుట్ట కాదు, టేకు తోపు. డ్రోను ఫొటోలకూ ఇదే ఇబ్బంది. లైడార్ అనే లేజరు పద్ధతి కొంత నయం, ఆకుల సందుల్లోంచి కొన్ని కిరణాలు నేలను తాకి వస్తాయి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీట్లు చూసినా, వాటిలో మామూలుగా కాంటూరుకూ కాంటూరుకూ మధ్య 20 మీటర్ల తేడా ఉంటుంది. రెండు మీటర్ల లోతున్న వాగు రెండు కాంటూర్ల మధ్య మాయమైపోగలదు. ఆ మ్యాపులు తప్పని కాదు. పెద్ద నేలను ఒక్కచోట చూడటానికి అవి పనికొస్తాయి. మన గూడెం తగువు తీర్చడానికి సరిపోవు.

చట్టం కూడా ఈ మాటే ఒప్పుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికో, ఊరుమ్మడి అడవికో హక్కు అడిగేటప్పుడు మ్యాపులూ ఉపగ్రహ చిత్రాలూ సాక్ష్యంగా పనికొస్తాయి. ఊరి పెద్దల మాటను రాసుకున్నా సాక్ష్యమే. పాత సమాధులు, బావులు, వేల్పుల చోట్లు కూడా సాక్ష్యమే. 2012లో మార్చిన నిబంధనల్లో, ఉపగ్రహ చిత్రాల వంటివి మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండాలే తప్ప వాటి స్థానంలోకి రాకూడదని రాశారు. ఈ నిబంధన మన మాస్టార్లకు తెలిసి ఉంటే ఎంతోమంది దరఖాస్తులకు ఆసరా అవుతుంది.

పెద్దల మాటా మ్యాపూ ఒకదానికొకటి శత్రువులు కావు. తాత చేత్తో చూపిన ఎత్తు, యంత్రం తీసిన చుక్క అయింది. ఆ చుక్క కల్వర్టు అయ్యే దారిలో పడింది. ఈ రెంటినీ కలిపే మనిషి కావాలి. ఆ మనిషి మన గూడెంలోంచి వస్తే మేలు.

చుక్కల ఫైలులో చివరి గడి, వివరం గడి అన్నాను కదా. చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. 'నేల', 'నేల', 'నేల' అని వెయ్యి వరసలు రాసేస్తారు. కానీ ఆ గడిలో ఏం రాశామన్నదాన్ని బట్టే బ్రేక్‌లైన్ ఎలా కలపాలో తెర ముందు కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది. 'ఒడ్డు', 'అడుగు', 'గట్టు', 'తూము', 'అలుగు', 'ఊట', 'చెలమ', 'బండ' అని రాస్తే నేల మాట్లాడుతుంది. మనవాళ్ళకు ప్రతి మలుపుకూ పేరుంది. ప్రతి బండకూ ఒక కథ ఉంది. చెలమ తవ్వితే ఎక్కడ నీళ్ళు పడతాయో ఆడవాళ్ళకు తెలుసు. ఈ పేర్లు ఆ గడిలో చేరకపోతే మ్యాపులో చేరవు. మ్యాపులో లేని ఊటను రేపు ఎవరైనా పూడ్చేస్తే, అక్కడ ఊట ఉండేదని నిరూపించడం కష్టం.

బడిలో చెయ్యడానికి ఒక చిన్న పని చెబుతాను. యంత్రాలు అక్కర్లేదు. ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూడటానికి సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్ళు పోసి వాడతారు. పది మీటర్ల పైపు తీసుకోండి. బుడగలు లేకుండా నీళ్ళు నింపండి. రెండు కొసలూ ఒకే పొడవున్న రెండు కర్రలకు కట్టండి. కర్రలకు కింద నుంచి సెంటీమీటర్ల గీతలు పెట్టండి. బడి వెనక వాలు నేలకు వెళ్ళండి. ఒక పిల్లవాడు ఒక చోట కర్ర నిలబెడితే, రెండోవాడు పక్కకు జరుగుతూ రెండు కర్రల మీదా నీటిమట్టం ఒకే అంకె దగ్గరికి వచ్చే చోటు వెతకాలి. ఆ చోట ముగ్గు చుక్క పెట్టాలి. అక్కడి నుంచి మళ్ళీ ముందుకు. ఇరవై చుక్కలయ్యాక వాటిని ముగ్గుతో కలిపితే, నేల మీద కళ్ళకు కనబడే కాంటూరు వస్తుంది. అర మీటరు పైన ఇంకోటి, ఇంకో అర మీటరు పైన ఇంకోటి గీయించండి. గీతలు దగ్గరైన చోట ఏటవాలు ఎక్కువని, దూరమైన చోట చదునని పిల్లలకు చెప్పక్కర్లేదు, నడిస్తేనే తెలుస్తుంది. బోదె దగ్గర గీత పైకి వంగి, దాటి మళ్ళీ కిందికి వస్తుంది. అది చూసిన పిల్లలకు మ్యాపు మీద వాగును పట్టడం వచ్చినట్టే.

తర్వాతి మెట్టు కంప్యూటరు. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేరు ఉచితం. మామూలు ల్యాప్‌టాపులో నడుస్తుంది. చుక్కల ఫైలు ఇస్తే త్రిభుజాలు అల్లుతుంది, కాంటూర్లు గీస్తుంది. ఇంటర్మీడియట్ పిల్లలు పది రోజుల్లో పట్టుకోగలరు. పదో తరగతి తర్వాత ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్, సర్వేయర్ ట్రేడులున్నాయి. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా మూడేళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు గ్రామ సర్వేయరు ఉద్యోగాలు కూడా వచ్చాయి. లెక్కలంటే భయపడి ఇటు రానివాళ్ళకు ఒక మాట. ఈ పనిలో రోజూ వాడేది త్రిభుజం, కోణం, త్రైరాశికం. మిగతాది కంప్యూటరు చూసుకుంటుంది. కంప్యూటరు చూసుకోలేనిది నేల. అది మీకు పుట్టుకతో వచ్చిన చదువు.

మన అడవుల్లోకి ఏ సర్వే వచ్చినా దారి చూపిందీ, మూటలు మోసిందీ, పొద నరికి చూపు వీలు చేసిందీ మనవాళ్ళే. పూర్వం గొలుసులతో కొలిచేవాళ్ళు. 66 అడుగుల గొలుసు. దాని కొస పట్టుకుని ముళ్ళల్లో నడిచినవాళ్ళ పేర్లు ఏ మ్యాపు మూలనా ఉండవు. ఇప్పుడు గొలుసు బదులు ప్రిజం కర్ర వచ్చింది. పట్టుకునేది మళ్ళీ మన కుర్రాళ్ళే, రోజు కూలికి. కర్ర ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతారు.

అలాంటి కుర్రాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు చెప్పేది ఇదే. కర్ర మీ చేతిలో ఉన్నప్పుడు వాగులోకి దిగండి. దిగమని చెప్పకపోయినా దిగి, "సార్, ఇక్కడొక చుక్క తీసుకోండి, ఇది వాగు" అని కేకెయ్యండి. ఎండిపోయిన పాత వాగు దగ్గర కూడా ఆగండి. వివరం గడిలో దాని పేరు రాయించండి. తెర ముందు కూర్చునే నాలాంటి వాళ్ళకు ఆ ఒక్క కేక చాలు, గీత సరిగా పడుతుంది.